బొంగురు గొంతుకు మిరియాల కషాయం చాలా, డాక్టర్ కావాలా?

పాడేవాళ్ల గొంతు 3 వారాలైనా బొంగురు వదలకపోతే చెవి-ముక్కు-గొంతు డాక్టర్‌కి చూపించాల్సిందే. మింగిన కషాయం, తేనె అన్నవాహికలోకి పోతాయి. అదిరి స్వరం పుట్టించే స్వరతంత్రులు ఉండేది గాలిగొట్టం పైన, వాటిని ఇవి తాకనే తాకవు. పర్లాకిమిడిలో రాత్రంతా మైకు లేకుండా భజన పాడే గాయకుణ్ణే తీసుకోండి. తంత్రులు సెకనుకు వందలసార్లు ఒకదానికొకటి కొట్టుకుని, గునపం పట్టిన అరచేతిలో లాగే అంచున కాయలు కాస్తాయి. పైస్థాయి అందదు, మాటలో గాలి కలుస్తుంది. కెమెరాతో లోపల చూస్తేనే సంగతి తేలుతుంది, బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో చెవి-ముక్కు-గొంతు విభాగం ఉంది. ఆపరేషన్ అంటారేమోనని భయపడి ఆగిపోకండి, చాలామందికి విశ్రాంతి, స్వర శిక్షణతోనే తగ్గుతుంది. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకోవడం మాత్రం పొరపాటు, అప్పుడూ గొంతు బిగుసుకుంటుంది. రక్తం పడినా, ఊపిరి ఆడకపోయినా వారాలు లెక్కపెట్టకుండా వెంటనే వెళ్లాలి.