సగంలో మూసిన పుస్తకం గురించి

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. అత్యాచారానికి గురైన బడిపిల్ల కథ, ‘స్పీక్’ నవల సగంలో ఆపేశానని, రచయిత్రి కావడానికి నీ గుండె చాలదేమోనని రాశావు. పుస్తకం మూసేస్తే అంతలో ఏమీ కాదమ్మా. నేనూ చాలాసార్లు మూశాను. ఇలాంటివి రాత్రిపూట చదవడం మానేసి ఏళ్లయింది. పగలే, చదివాక చెయ్యాల్సిన పనేదో ఒకటి పెట్టుకుని చదువుతాను. చివరి పేజీలు ముందే చూసుకుంటాను కూడా. ఏం జరిగిందో అన్న టెన్షన్ తీరితే, ఎలా రాశారో కంటికి ఆనుతుంది. అయితే ఆ కథ నీకు జరిగినదాన్ని తవ్వుతుంటే మాత్రం పుస్తకం పక్కన పెట్టు, ముందు నమ్మకమైన మనిషితో మాట్లాడు.

ఇక నవల సంగతి. లోరీ హాల్స్ ఆండర్సన్ 1999లో వేసిన ఆ పుస్తకంలో అందరూ ఆ పిల్ల, మెలిండా, మౌనం గురించే మాట్లాడతారు. నేను మాత్రం ఆమె బడిలో వెతుక్కున్న ఆ పాత గది దగ్గర ఆగిపోతాను. శుభ్రం చేసేవాళ్ల సామాను గది, ఎవరూ వాడనిది. మానసిక వైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో, గాయం నుంచి తేరుకోవడాన్ని మూడు దశలుగా చెప్పింది: ముందు భద్రత, తర్వాత జరిగింది తలుచుకుని దుఃఖించడం, ఆపైన మళ్లీ మనుషుల్లో పడటం. ఇవి వరసగా నడవవనీ ఆమే అంది. కొత్తగా రాసేవాళ్లం నేరుగా రెండోదాని మీద పడతాం, ఏడుపంతా అక్కడే ఉంటుంది గనక. ఆండర్సన్ ముందు ఆ పిల్లకి ఒక తలుపు ఇచ్చింది.

చెట్టునీ చూడు. డ్రాయింగ్ క్లాసులో మెలిండా చీటీ తీస్తే ‘చెట్టు’ వస్తుంది, ఏడాదంతా దాన్నే వెయ్యాలి. మొదట్లో పిడుగు పడ్డ చెట్లు వేస్తుంది, చచ్చీ చావనట్టు. ‘కాస్త నయం’ అని రచయిత్రి చెప్పే పని లేకుండా చెట్టే చెబుతుంది. చివరి చెట్టు సంగతి నేను చెప్పను.

నా తొలి నవల రాతప్రతిలో తండ్రి చేతిలో దెబ్బలు తిన్న కుర్రాడు అమ్మమ్మ ఒళ్లో ఒక అధ్యాయమంతా ఏడ్చి, మర్నాడు నవ్వుతూ బడికి పోతాడు. భలే వచ్చిందని మురిసిపోయాను. చదివిన పదహారేళ్ల అమ్మాయి ఒక్కటే అడిగింది: “ఇక తలుపు గడియ చప్పుడైతే ఉలిక్కిపడడా?” మూడు నెలలు తిరగరాశాను. ఇప్పుడా కుర్రాడు ఆఖరి పేజీలోనూ గడియ చప్పుడుకి తల తిప్పుతాడు. చేతిలో పెన్సిల్ మాత్రం కింద పెట్టడు.

ఓపికుంటే ఈసారి ఆ గది దగ్గర తెరువు. అక్కడి అద్దం కనబడకుండా మెలిండా ఏం అంటించిందో చూసి, నీకేం తోచిందో రాయి. రాత్రి మాత్రం వద్దు.

ఆశీస్సులతో.