'లుక్ ఫార్వర్డ్ టు' తరువాత 'మీట్' రాయాలా, 'మీటింగ్' రాయాలా?

'ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ' అని రాయడమే సరైనది. 'టు మీట్ యూ' అనడం తప్పు. ఇక్కడి 'టు' క్రియకు చెందినది కాదు, తెలుగులో 'కోసం' లాంటి విభక్తిలా పనిచేసే ప్రిపోజిషన్. కాబట్టి 'కలవడం కోసం ఎదురుచూస్తున్నాను' అన్నప్పుడు 'కలవడం' ఎలా నామవాచకంలా నిలుస్తుందో, ఇంగ్లీషులోనూ దాని తరువాత నామవాచకమో, 'ఇంగ్' చేరిన క్రియారూపమో రావాలి. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ లెటర్' అనే వాక్యం చూడండి: 'టు' పక్కన ఉత్తరం అనే నామవాచకం ఇబ్బంది లేకుండా ఒదిగింది.

'ఐ వాంట్ టు మీట్ యూ' అనే వాక్యానికి అలవాటుపడి, 'టు' ఎక్కడ కనిపించినా మూలక్రియే రావాలనుకోవడం చాలామంది పొరపాటు. అక్కడి 'టు' మాత్రం 'మీట్'తో కలిసి 'కలవాలని' అనే అర్థమిస్తుంది, దాని పక్కన 'యువర్ లెటర్' పెడితే వాక్యమే నిలవదు.