హారికకు, న్యూయార్క్ వెళ్లేముందు

చి. హారికకు,
అత్త ఆశీస్సులు.

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి, "అక్కా, ఇది ఉద్యోగం మానేసి పియానో పట్టుకుని న్యూయార్క్ పోతానంటోంది, నువ్వైనా చెప్పు" అన్నాడు. గాయని నోరా జోన్స్ కూడా మీ డాలస్ పక్కన గ్రేప్‌వైన్‌లో పెరిగి, 1999లో న్యూయార్క్ వెళ్లిందేగా అన్నాను. "వాళ్ల నాన్న సితార్ విద్వాంసుడు రవిశంకర్ అక్కా, నేను కాదుగా" అన్నాడు. ఆవిడని పెంచింది వాళ్లమ్మ అని చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు. నాకు మాత్రం లోపల ఒకటే సంతోషం. ఇన్నేళ్లు ఊళ్లో వాళ్ల పిల్లలకి పాఠాలు చెప్పాను, చివరికి మన ఇంట్లోంచి ఒకత్తి బయల్దేరింది. ఆ సంతోషం పది నిమిషాలే. తర్వాత టెన్షన్.

ఆర్నెల్ల అద్దె బ్యాంకులో లేకుండా కదలకు. హెల్త్ ఇన్సూరెన్స్ ఒక్క రోజు కూడా ఆగకూడదు. రాత్రి ప్రోగ్రాం అయ్యాక సబ్‌వేలో ఒంటరిగా రావద్దు, ట్యాక్సీ డబ్బులు నేనిస్తా.

నువ్వు పంపిన పాట విన్నాను. కల్యాణి రాగంలో ఎత్తుకుని, నల్లజాతి వాళ్ల పాటల బాణీ అయిన బ్లూస్‌లోకి దిగావు. మీ నాన్నకి అది అటూ ఇటూ కాకుండా ఉందట. అమెరికా గాయని, పియానిస్టు నీనా సిమోన్ పాడిన "లవ్ మీ ఆర్ లీవ్ మీ" వినిపించు వాడికి. మామూలు ప్రేమపాట, మధ్యలో పాడటం ఆపేసి అచ్చం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో బాఖ్ రాసినట్టు వాయించేస్తుంది, రెండు చేతులూ దేని దారి దానిదే. నువ్వు మాత్రం ఎడమ చెయ్యి ఒక్కటే పట్టించుకుని మళ్లీ మళ్లీ విను, నీకు లోటు అక్కడే ఉంది.

ఆవిడ అసలు పేరు యూనిస్ వేమన్. 1933లో నార్త్ కరొలైనాలో ట్రయాన్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. కచేరీ పియానిస్టు కావాలని చదువుకుంటే, 1951లో ఫిలడెల్ఫియాలోని సంగీత కళాశాల కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సీటివ్వలేదు. నల్లజాతి పిల్లని కాబట్టే ఇవ్వలేదని బతికినంతకాలం నమ్మింది. 1954లో అట్లాంటిక్ సిటీలో ఒక బార్‌లో వాయించడానికి కుదిరింది, వారానికి 90 డాలర్లు. పాడితేనే ఉద్యోగం అన్నాడు ఓనర్. అలా పాట మొదలైంది. చర్చిలో ప్రసంగాలు చేసే తల్లికి తెలియకూడదని పేరు కూడా మార్చుకుంది. చర్చి పాట, బాఖ్, బ్లూస్ అన్నీ ఆ బార్‌లోనే కలిశాయి.

ఇప్పుడు నా భయం చెప్తా, శ్రద్ధగా చదువు. 1957 చివర్లో బెత్లెహెమ్ అనే కంపెనీకి మొదటి ఆల్బం రికార్డు చేసింది. దాని మీద హక్కులన్నీ 3,000 డాలర్లకి రాసిచ్చేసింది. తెలివితక్కువ పని అనుకోకు. బార్ జీతంతో లెక్కేస్తే అది ఎనిమిది నెలల సంపాదన, ఒక్క సంతకంతో చేతికొస్తోంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల, వద్దని ఎలా అంటుంది? 1959లో అందులో పాటే అమెరికా టాప్ 20లోకి వెళ్లింది. ఇంకో పాట, "మై బేబీ జస్ట్ కేర్స్ ఫర్ మీ", 1987లో షనెల్ సెంటు ప్రకటనలో వచ్చి బ్రిటన్‌లో అయిదో స్థానానికి ఎక్కింది. ఆ సంతకం వల్ల పోగొట్టుకున్నది పది లక్షల డాలర్ల పైమాటే అంటారు.

పిరికిది కూడా కాదమ్మా ఆవిడ. చిన్నప్పుడు ఊళ్లో కచేరీ రోజు, ముందు వరసలో కూర్చున్న అమ్మానాన్నల్ని తెల్లవాళ్ల కోసం వెనక్కి పంపితే, వాళ్లు మళ్లీ ముందుకొచ్చేదాకా వాయించనంది. అంతటి మనిషే కాగితం దగ్గర బోల్తా పడింది. ఇక నీ సంగతేంటి? పోయినేడాది డాలస్ పెళ్లిలో మూడు గంటలు ఊరికే వాయించి, చివర్లో వాళ్ల స్పీకర్లు కూడా నువ్వే మోశావు. వద్దు అనే మాట నీ నోట్లోంచి రాదు. మీ తాతయ్యా అంతే, ఆయన సంతకం పెట్టిన హామీ కాగితానికి మా అరెకరం పోయింది.

మాస్టర్స్, అంటే అసలు రికార్డింగులు, ఎవరి పేరున ఉంటాయో, పాట రాసినందుకు వచ్చే హక్కులైన పబ్లిషింగ్‌లో నీ వాటా ఎంతో తెలియకుండా పెన్ను తీయకు. ఇంకొకరితో కలిసి పాట రాస్తే ఎవరికెంతో అదే రోజు రాసుకోండి, స్నేహాలు చెడేది అక్కడే. రాసిచ్చిన హక్కులు 35 ఏళ్ల తర్వాత వెనక్కి అడిగే వీలు ఇక్కడి చట్టంలో ఉంది, కానీ కాగితంలో "వర్క్ ఫర్ హైర్" (డబ్బిచ్చి చేయించుకున్న పని, హక్కు మొదట్నుంచీ వాళ్లదే) అని ఉంటే ఆ దారీ మూసుకుపోవచ్చు. ఆ మాట కనబడితే నాకు ఫోటో తీసి పంపు, అర్ధరాత్రయినా సరే. లాయర్ ఫీజు నేను కడతా. నీకు పెళ్లికని దాచిన డబ్బే, మీ నాన్నకి చెప్పకు.

కీబోర్డు స్టాండ్ కొనకు, నా గరాజ్‌లో మంచిది ఉంది. పెడల్ మాత్రం కొత్తది కొనాలి, నాది కీచుమంటోంది. శనివారం నాలుగు దాటాక రా, అంతకుముందు పాఠాలుంటాయి.

మీ అత్త