కలకత్తాలో ఆడే మా ఊరి టీమ్

‘మీ ఊరి ఫుట్‌బాల్ టీమ్‌ని మీ ఇంట్లో తాతల నాటి నుంచి అభిమానిస్తున్నారా? ఆ జ్ఞాపకాలు చెప్పండి’ అని అడిగారు. మాది విశాఖపట్నం. మాకూ అలాంటి టీమ్ ఒకటుంది. కాకపోతే అది ఆడేది కలకత్తాలో.

మా తాత వాల్తేరు లోకోషెడ్‌లో ఫిట్టర్. వాల్తేరు ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే, పొట్టిగా బీఎన్నార్, కింద ఉండేది. 1955లో అది సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది గానీ, కలకత్తా లీగ్‌లో ఆడే ఆ రైల్వే టీమ్‌కి మాత్రం బీఎన్నార్ అన్న పేరే మిగిలిపోయింది. తాత లెక్క చాలా సులువు. మనకి తిండి పెట్టేది బీఎన్నార్, ఆడేదీ బీఎన్నార్, అంచేత అది మన టీమ్.

స్కోరు ఎలా తెలిసేదంటే, హౌరా నుంచి వచ్చే మద్రాసు మెయిల్ ద్వారా. మా స్టేషన్‌లో రైలు దిశ మార్చుకుంటుంది. వచ్చినవైపు ఇంజను విప్పి రెండోవైపు తగిలిస్తేగానీ మద్రాసు దారి పట్టదు. ఆ కాసేపట్లో తాత పెట్టెల వెంట నడుస్తూ, చదివి పడేసిన కలకత్తా పేపర్లు అడిగి తెచ్చుకునేవాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. మూడక్షరాలు గుర్తుపట్టేవాడు, పక్కన అంకెలు చూసేవాడు, అంతే. నిన్నటి పేపర్లో మొన్నటి మ్యాచ్. అయినా ఆ సాయంత్రానికి కాలనీ అంతటికీ అదే తాజా వార్త.

1963లో తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్ క్లబ్ నుంచి బీఎన్నార్‌కి వచ్చాడు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన కుర్రాడు, అంతకు ముందు ఏడాదే జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఇక తాతని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదట. 1964లో బీఎన్నార్ రోవర్స్ కప్ గెలిచినప్పుడు షెడ్‌లో జిలేబీలు పంచాడని నాన్న చెబుతాడు, అప్పులు మామ్మ తీర్చిందని మామ్మ చెప్పేది. అనారోగ్యంతో బలరాం 27 ఏళ్లకే ఆట మానేశాడు. ఆ సంగతి తాత మా చుట్టాలబ్బాయికి జబ్బు చేసినట్టే చెప్పేవాడు. 2023 ఫిబ్రవరిలో బలరాం పోయారని పేపర్లో వస్తే నాన్న ఆ ముక్క కత్తిరించి తాత ఫొటో వెనక దోపాడు. అప్పటికి తాత లేడు.

నాన్న బీఎన్నార్ ఆట కళ్లారా చూసింది ఒక్కసారే. రైల్వే పాసు మీద కలకత్తా వెళ్లి, మైదాన్‌లో మోహన్ బగాన్ టీమ్ మీద చూశాడు. ఓడిపోయారు. ఆ ఆట గురించి నాన్న ఎక్కువ మాట్లాడడు, చేపల గురించి మాట్లాడతాడు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వాళ్ల అభిమానులు ఇలిష్ వండుకుంటారు, అంటే గోదావరికి ఎదురెక్కి వస్తే మనం పులస అంటామే, అదే చేప. మోహన్ బగాన్ వాళ్లకి రొయ్య. “మరి మన బీఎన్నార్‌కి ఏ చేప?” అని నాన్న అడిగితే, “ముందు గెలవమను, తర్వాత చూద్దాం” అందట మామ్మ.

నా వంతుకి వచ్చేసరికి మిగిలింది మా రైల్వే గ్రౌండే. లోకో వాళ్లకీ క్యారేజ్ వాళ్లకీ మ్యాచ్ అంటే తొంభైల్లో మేం స్కూలు నుంచి నేరుగా అక్కడికే పోయేవాళ్లం. రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఎండలో ఆడేవాళ్లు, సెకండ్ హాఫ్‌లో నడకే. గోల్‌పోస్టు వెనక కాగితం పొట్లంలో పిడత కింద పప్పు తింటూ, రిఫరీని తిట్టడంలో తాత దగ్గర శిక్షణ పొందాను. నిజం చెప్పాలంటే ఫుట్‌బాల్ కంటే అదే బాగా వచ్చింది.

తర్వాత నేనూ క్రికెట్ వైపు జారిపోయాను. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన రోజు పీఎం పాలెం స్టేడియంలో గొంతు పోయేలా అరిచి ఇంటికొస్తే తాత, “గోల్స్ ఎన్నిరా?” అన్నాడు. అంతకు రెండేళ్ల ముందే మా డివిజన్ ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి మారింది. ఇంకా బీఎన్నార్ ఏమిటి తాతా అంటే, “జోను మారితే ఇంటిపేరు మారిపోద్దేటిరా గుంటడా?” అనేవాడు.

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్ మొదలవుతోందని తెలిసి ఆయనకి ఒకటే హడావిడి. మొదటి మ్యాచ్ కలకత్తాలోనే, 2014 అక్టోబర్ 12న. అదే రోజు హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద పడింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధిలో చెట్లన్నీ అడ్డంగా పడున్నాయి, తాగడానికి నీళ్లు వెతుక్కుంటున్నాం. తాత మాత్రం “మ్యాచ్ ఏటయ్యిందో ఎవుల్నైనా కనుక్కోరా” అంటాడు. కొన్ని రోజులకి తెలిసింది, కోల్‌కతా 3-0తో ముంబై మీద గెలిచింది. చెప్పాను. కాసేపు ఆలోచించి, “అందులో బీఎన్నార్ ఉందా?” అన్నాడు. లేదన్నాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు మా అమ్మాయి అర్ధరాత్రి దాకా మేలుకుని మాంచెస్టర్ వాళ్ల ఆట చూస్తుంది. మొన్న నాన్న నిద్ర లేచి వచ్చి, “అదేమైనా మన ఊరి టీమా?” అని కసిరాడు.

“కలకత్తా మన ఊరా తాతయ్యా?” అంది అది.

“మన స్టేషన్‌లో రైలుంది కదే” అన్నాడు నాన్న.