వ్యాపారంలో నిలబడేవాళ్ళలో ఏముంటుంది? ఎకనామిక్స్ చదివి కర్రీ పాయింట్ నడుపుతున్న మనిషిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వయసు 41, ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. సొంతంగా ఏదైనా పెట్టుకోవాలని ఉంది. ఇంట్లోవాళ్ళేమో "మన వంశంలో వ్యాపారం చేసినవాళ్ళెవరూ లేరు, మనకి అబ్బదు" అంటున్నారు. గెలిచేవాళ్ళలో ప్రత్యేకంగా ఏముంటుందో ఆర్థికవేత్తలు ఎవరైనా లెక్కతీశారా అని అడిగారు.

తీశారండి, చాలామందే తీశారు. నేను ఎం.ఏ. ఎకనామిక్స్ చదివి, ఆ చదువుతో ఏ సంబంధమూ లేకుండా కూకట్‌పల్లి వైపు కర్రీ పాయింట్ నడుపుతున్నాను. వంట మా ఆయనది, గల్లా నాది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక సాయంత్రం పొయ్యి వెలిగించేలోపు చదువుకునే అలవాటు మాత్రం పోలేదు. అందుకే చదివింది, చూసింది రెండూ కలిపి రాస్తున్నాను. నేను చూసింది ఒక్క వీధి, ఒక్క లైను. దానికి అంతవరకే విలువ ఇవ్వండి.

ముందు వయసు సంగతి, ఎందుకంటే మీ టెన్షన్ అంతా అక్కడే ఉన్నట్టుంది. కాలేజీ మానేసి గ్యారేజీలో కంపెనీ పెట్టిన కుర్రాళ్ళ కథలు విని విని, నలభై దాటితే బండి వెళ్ళిపోయిందనుకుంటాం. పియర్ అజూలే, బెంజమిన్ జోన్స్, ఇంకో ఇద్దరు కలిసి 2020లో ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని నేరుగా పరీక్షించింది. అమెరికాలో కంపెనీలు పెట్టిన 27 లక్షల మంది వివరాలు ప్రభుత్వ రికార్డుల్లోంచి తీసి చూస్తే, మొదలుపెట్టేనాటికి వాళ్ళ సగటు వయసు 42 దగ్గర తేలింది. వెయ్యిలో ఒక్కటిగా బాగా వేగంగా పెరిగిన కంపెనీలను మాత్రమే తీసుకుంటే 45. యాభై ఏళ్ళకు కంపెనీ పెట్టినవాళ్ళకి దాన్ని అంత వేగంగా పెంచే అవకాశం ముప్ఫై ఏళ్ళకు పెట్టినవాళ్ళ కంటే 1.8 రెట్లు ఎక్కువ. అదే రంగంలో ముందు పనిచేసి వచ్చినవాళ్ళకైతే అవకాశం ఇంకా బాగా పెరిగింది.

నన్నడిగితే అసలు కీలకం ఈ చివరి మాటే. మా ఆయన సొంతంగా పెట్టకముందు అమీర్‌పేటలో హాస్టళ్ళకు వండే మెస్సులో మాస్టర్‌గా చేశారు. శ్రావణంలో, కార్తీకంలో చికెన్ ఎంత తగ్గించి వండాలో, వానపడిన సాయంత్రం ఏ కూర ముందు అయిపోతుందో, టమాటా ధర పెరిగితే పప్పులో దాని బదులు ఏం వేయాలో ఆయన పుస్తకంలో నేర్చుకోలేదు. మా వీధిలో మాకంటే మంచి బోర్డు, మంచి లైట్లు పెట్టి తెరిచిన కొట్లు మూతపడటం చూశాం. వాటిలో ఎక్కువ ఓనరుకి వంట రానివే. మాస్టర్ చెప్పాపెట్టకుండా మానేసిన రోజున షట్టర్ దించడం తప్ప వాళ్ళకి వేరే దారి ఉండేది కాదు.

ఇక "వంశం, రక్తం" వాదన. బ్లాంచ్‌ఫ్లవర్, ఆస్వాల్డ్ అనే ఇద్దరు 1998లో బ్రిటన్ వివరాలతో రాసిన పరిశోధనలో, చిన్నప్పుడు పిల్లలకు పెట్టిన మానసిక పరీక్షల మార్కులకూ పెద్దయ్యాక సొంత వ్యాపారం పెట్టడానికీ మధ్య గట్టి సంబంధం కనబడలేదు. దేనికి కనబడిందంటే, వారసత్వంగానో బహుమతిగానో చేతికి డబ్బు అందడానికి. అదే అమెరికాలో హోల్ట్జ్-ఈకిన్, మరో ఇద్దరు 1994లో చూశారు: వారసత్వం కలిసొచ్చినవాళ్ళ సొంత వ్యాపారాలు మూతపడకుండా నిలబడే అవకాశం పెరిగింది. "వాళ్ళ రక్తంలోనే వ్యాపారం ఉంది" అని మనం ముచ్చటగా చెప్పుకునే చాలా ఇళ్ళలో, నష్టం వచ్చిన ఏడాది బాబాయి చేబదులు ఇవ్వడం, మామయ్య దుకాణం అద్దె అడక్కుండా ఊరుకోవడం ఉంటాయి. నా ఉద్దేశంలో రక్తమంటే అదే.

డబ్బు అంత ముఖ్యమైతే అప్పు తెచ్చి పెట్టేస్తే సరిపోతుందా? దీనికి జవాబు మన హైదరాబాద్‌లోనే దొరికింది. 2005లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మరో ఇద్దరు నగరంలోని 104 బస్తీలను తీసుకుని, వాటిలో 52 బస్తీలను లాటరీ పద్ధతిలో ఎంచారు. ముందు ఆ 52 బస్తీల్లోనే, పేదలకు చిన్న అప్పులిచ్చే స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ బ్రాంచీలు తెరిచింది. ఆరు నుంచి పదిమంది ఆడవాళ్ళ గ్రూపు, మొదటి లోను పదివేలు, వారం వారం కట్టుకుంటూ 50 వారాల్లో తీర్చేయాలి. ఆ రోజుల్లో మా అమ్మావాళ్ళ బస్తీలో కూడా ఇలాంటి గ్రూపులు (వేరే కంపెనీలవి) బోలెడు. పొద్దున్నే చాపేసుకుని వరసగా కూర్చుని, ఒకామె డబ్బు తక్కువ తెస్తే మిగతావాళ్ళు కొంగుముడులు విప్పి సర్దేవాళ్ళు.

మిగతా 52 బస్తీలతో పోల్చి చూస్తే ఫలితాలు ఆశపడినంత గొప్పగా లేవు. ఇంటి మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు, పిల్లల చదువులో, ఆరోగ్యంలో తేడా లేదు. అప్పు వచ్చింది కదా అని కొత్తగా పెట్టిన కొట్లు ఎక్కువగా చిన్నవి, లాభం అంతంతమాత్రం. బాగుపడింది ఎవరంటే అప్పటికే వ్యాపారం ఉండి, అప్పటికే లాభాల్లో పైన ఉన్నవాళ్ళు.

దీని తరవాయి భాగం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చాక మైక్రోఫైనాన్స్ ఒక్కసారిగా ఆగిపోయింది గుర్తుందా? ఆ తర్వాత 2012లో పరిశోధకులు మళ్ళీ అవే బస్తీలకు వెళ్ళారు. అప్పు రాకముందే వ్యాపారం చేస్తున్న కుటుంబాల కొట్లు, అప్పులు ఆగిపోయినా పెద్దవిగానే నిలబడ్డాయి. అప్పు వచ్చాక మొదలుపెట్టినవాళ్ళలో మాత్రం అలాంటి తేడా ఏమీ మిగల్లేదు. బెనర్జీ, డఫ్లోలకు 2019లో నోబెల్ వచ్చినప్పుడు టీవీల్లో అంత హడావుడి చేశారు గానీ, మన ఊళ్ళోనే తేలిన ఈ సంగతి గురించి మాట్లాడినవాళ్ళు నాకైతే కనబడలేదు.

అప్పు ఎంతన్నది ఒకటైతే, కట్టడం ఎప్పుడు మొదలవుతుందన్నది ఇంకొకటి. కోల్‌కతాలో ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే బృందం కొందరికి వెంటనే వాయిదాలు మొదలుపెట్టి, కొందరికి రెండు నెలల గడువిచ్చింది (2013లో ప్రచురించారు). గడువున్నవాళ్ళు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు, కొన్నేళ్ళ తర్వాత చూస్తే వాళ్ళ లాభాలూ ఎక్కువే. ఎగ్గొట్టినవాళ్ళు కూడా వాళ్ళలోనే ఎక్కువని చెప్పకపోతే అన్యాయం. వచ్చే సోమవారమే కట్టాలంటే ఎవరైనా రేపు అమ్ముడుపోయే సరుకే కొంటారు, ఆరు నెలలకు పనికొచ్చే గ్రైండర్ కొనరు. మీరు లోను తీసుకుంటే వడ్డీ శాతం ఒక్కటే చూసి సంతకం పెట్టకండి, మొదటి వాయిదా తేదీ అడగండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం, గల్లాపెట్టె. డొమినికన్ రిపబ్లిక్‌లో చిన్న వ్యాపారులకు రెండు రకాల శిక్షణ ఇచ్చి చూశారు. ఒకటి పద్ధతిగా అకౌంట్స్. రెండోది ఉత్త బండసూత్రాలు: ఇంటి డబ్బు, కొట్టు డబ్బు వేర్వేరు సొరుగుల్లో పెట్టుకో, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తీస్తే చీటీ రాసి పెట్టు, ఇలాంటివి. డ్రెక్స్‌లర్, ఫిషర్, షోర్ 2014లో ప్రచురించిన దాని ప్రకారం పనిచేసింది బండసూత్రాలే. అకౌంట్స్ పాఠాలకు చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. ఎం.ఏ.లో అకౌంట్స్ రాసిన నేను కూడా కొట్టులో చేసేది అదే. ఇంటికి పాలప్యాకెట్ తెమ్మన్నా గల్లాలోంచి తీస్తే చీటీ పడాల్సిందే. మా అత్తయ్య మొదట్లో "మన డబ్బుకి మనమే చీటీ ఏంటే" అని నవ్వేది, ఇప్పుడు ఆవిడే పెన్ను వెతుకుతుంది. అమ్మకం లెక్క ఇంకా తేలిక: కూర ప్యాక్ చేసే కవర్లు పొద్దున్న లెక్కపెట్టి ఇస్తాం, రాత్రి మిగిలినవి లెక్కపెడతాం. పప్పు కవర్లకూ వేపుడు కవర్లకూ సైజు వేరు కాబట్టి ఏ కూర ఎంత పోయిందో అక్కడే తెలిసిపోతుంది.

ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. శ్రీలంకలో చిన్న వ్యాపారులకు ఊరికే డబ్బిచ్చి చూసినప్పుడు మగవాళ్ళ లాభాలు పెరిగాయి, ఆడవాళ్ళవి పెరగలేదు. "ఆడవాళ్ళకు వ్యాపారం రాదు" అనడానికి ఇది బాగానే పనికొచ్చింది. తర్వాత 2019లో భారత్, ఘనా, శ్రీలంక వివరాలు కలిపి చూస్తే తేలిందేమిటంటే, చాలా ఇళ్ళలో ఆమె పేరున వచ్చిన డబ్బు భర్త వ్యాపారంలోకి వెళ్ళింది. ఇంట్లో ఆమె ఒక్కతే వ్యాపారం చేస్తుంటే ఫలితం మగవాళ్ళకు తీసిపోలేదు.

మీకు వ్యాపారం అబ్బుతుందో లేదో ఎవరిని అడగాలి? అమరావతిలో, అంటే మహారాష్ట్ర అమరావతిలో, హుస్సామ్, రిగోల్, రోత్ అనేవాళ్ళు చుట్టుపక్కల వ్యాపారులనే అడిగారు: మీలో ఎవరికి డబ్బిస్తే బాగా పెంచుతారు అని. తర్వాత కొందరికి నిజంగానే డబ్బిచ్చి చూస్తే, దాని మీద సగటున నెలకు 9.4 శాతం రాబడి వచ్చింది; ఇరుగుపొరుగు పైవరసలో పెట్టినవాళ్ళకు 24 నుంచి 30 శాతం వచ్చింది. అయితే మీరు చెప్పినదాన్ని బట్టే డబ్బు ఎవరికివ్వాలో నిర్ణయిస్తాం అనేసరికి జనం మాట మార్చి సొంతవాళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. కాబట్టి బావమరిదిని అడక్కండి. మీతో పనిచేసినవాళ్ళని, మీకు సరుకు వేసినవాళ్ళని అడగండి.

చేదు సంగతి కూడా చెప్పాలి. హామిల్టన్ 2000లో అమెరికా వివరాలతో చూపించినదాని ప్రకారం, పదేళ్ళు సొంత వ్యాపారంలో ఉన్నవాళ్ళని సంపాదన ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే మనిషి, ఉద్యోగంలో వచ్చేదానికంటే 35 శాతం తక్కువ సంపాదిస్తాడు. మా ఆయనతో మెస్సులో చేసిన మాస్టర్లు ఇప్పుడు పెద్ద క్యాటరింగుల్లో మా కంటే బాగానే తెచ్చుకుంటున్నారు. మాకు తెలిసే ఇందులో ఉన్నాం.

రాజీనామా మాత్రం ఇప్పుడే వద్దు. రాఫీ, ఫెంగ్ 2014లో చూపించింది ఏమిటంటే, ఉద్యోగం చేస్తూనే పక్కన వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా అందులోకి వచ్చినవాళ్ళు, ఒకేసారి ఉద్యోగం వదిలి దూకినవాళ్ళ కంటే చేతులెత్తేసే అవకాశం మూడోవంతు తక్కువ. మీరు ఏ లైనులోకి వెళ్దామనుకుంటున్నారో రాయలేదు. ఇప్పుడున్న ఉద్యోగానికి దగ్గరగా ఉన్నదైతే ధైర్యంగా లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టండి. హోటల్ లైనే అయితే కొన్ని శని, ఆదివారాలు ఎవరి కొట్లోనైనా గల్లా దగ్గర కూర్చోండి, మా దగ్గరికి వచ్చినా సరే. సాయంత్రం ఆరున్నర దాటాక మాత్రం మాట్లాడే తీరిక ఉండదు, కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేసే పని అప్పజెప్పేస్తాను.