కళ్ళు మూసుకుంటే పాలవాడి లెక్కే గుర్తొస్తోంది

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 43 ఏళ్ళు. బట్టల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను. ఆయన ట్రావెల్స్ కారు నడుపుతారు. ఇంట్లో అత్తగారు, ఇంటర్ చదివే అబ్బాయి ఉన్నారు. తిరుపతిలో ఇల్లున్న పాపానికి నెలకు రెండు మూడు సార్లు ఎవరో ఒకరు దర్శనానికని వచ్చి మా ఇంట్లోనే దిగుతారు. ఈ మధ్య ప్రతి చిన్నదానికీ అరుస్తున్నాను. మొన్న అబ్బాయి మీద చెయ్యి చేసుకున్నాను. యూట్యూబ్‌లో చూసి, జపాన్ బౌద్ధులు చేసే జెన్ ధ్యానం మొదలుపెట్టాను. నాలుగున్నరకు లేచి అరగంట కూర్చుంటాను. కళ్ళు మూసుకుంటే పాలవాడి లెక్క, చుట్టాల టిఫిన్ గుర్తొస్తాయి. లేదంటే నిద్రొస్తుంది. నాలుగు రోజులు చేసి మానేస్తాను. ‘ఏడుకొండలవాడి పాదాల దగ్గరుంటూ ఈ జపాన్ పూజలేంటి’ అంటారు అత్తగారు. ఆయన నవ్వుతారు. పది రోజుల శిబిరానికి వెళ్తే కుదురుతుందా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: శిబిరం మాట తర్వాత చూద్దాం తల్లీ. ముందు ఆ నాలుగున్నర అలారం తీసేయండి. రాత్రి పదకొండుకు గిన్నెలు సర్దిపెట్టి పడుకునే మనిషి నాలుగున్నరకు కూర్చుంటే నిద్ర రాక ఇంకేమొస్తుంది? మీ ఒంటికి ఆ గంట నిద్రే ఎక్కువ అవసరం.

అబ్బాయి కాలేజీకి వెళ్ళాక, మీరు షాపుకు బయల్దేరేలోపు పది నిమిషాలు దొరుకుతాయా చూడండి. అత్తగారికి మాత్రలిచ్చి, ఆ వెంటనే కూర్చోవడం అలవాటు చేసుకోండి. రోజూ ఎలాగూ జరిగే పనికి ముడిపెడితే ‘ఇవాళ ఎప్పుడు కూర్చోవాలి’ అని వేరే ఆలోచించక్కర్లేదు. అరగంట లక్ష్యం మానేయండి. నెల రోజులు పది నిమిషాలే. చుట్టాలున్న రోజు అయిదు. ఒక రోజు తప్పితే మర్నాడు కూర్చోండి, నిన్నటి బాకీ తీర్చనక్కర్లేదు.

ఇక కళ్ళ సంగతి. జెన్‌లో కూర్చునే పద్ధతిని జాజెన్ అంటారు. అందులో కళ్ళు మూయరు. పదమూడో శతాబ్దంలో జపాన్‌లో సోటో అనే జెన్ శాఖకు పునాది వేసిన డోగెన్ అనే భిక్షువు, కళ్ళు ఎప్పుడూ తెరిచే ఉంచాలని రాసిపెట్టాడు. రెప్పలు సగం వాల్చి, మూడు నాలుగు అడుగుల దూరంలో నేల మీద చూపు ఆనించాలి. సోటో వాళ్ళు గోడకేసి తిరిగి కూర్చుంటారు. మీ ఇంట్లో బీరువా తలుపైనా సరిపోతుంది. గట్టి దిండో, మడత పెట్టిన దుప్పటో వేసుకుని దాని అంచు మీద కూర్చుంటే మోకాళ్ళు కిందికి వాలతాయి, నడుం దానంతటదే నిలబడుతుంది. మోకాళ్ళ నొప్పి ఉంటే కుర్చీలో కూర్చోండి, పాదాలు నేలకు ఆనాలి, వీపు మాత్రం చేరగిలబడకూడదు. ఎడమ అరచేతిని కుడి అరచేతిలో పెట్టుకుని బొటనవేళ్ళ కొసలు తగిలీ తగలనట్టు ఉంచండి. మనసు ఎటో పోయినా, కునుకు పట్టినా వేళ్ళు విడిపోతాయి, మీకే తెలిసిపోతుంది.

ఊపిరి వదిలినప్పుడల్లా ఒకటి, రెండు అని పది దాకా లోపల్లోపల లెక్కపెట్టండి. పది అయితే మళ్ళీ ఒకటి. నాలుగు దగ్గర పాలవాడు గుర్తొస్తే ‘అయ్యో’ అనుకోకుండా మళ్ళీ ఒకటికి రండి. కొత్తవాళ్ళకు ఇచ్చే అభ్యాసం ఇదే. పది నిమిషాల్లో ఒక్కసారీ పది దాకా చేరకపోవచ్చు. ఆలోచనలు ఆగిపోవాలని జెన్ అడగదు. పాలవాడి లెక్కలోకి వెళ్ళిపోయానని గమనించి వెనక్కి రావడమే అక్కడ చేయాల్సిన పని. అలా ఇరవైసార్లు వెనక్కి వస్తే ఇరవైసార్లు సాధన చేసినట్టు. మీకు చేతకావడం లేదని ఎవరన్నారు?

ఈ వెనక్కి రావడమే అబ్బాయి మీద చెయ్యి లేచేటప్పుడు పనికొస్తుంది. కోపం మాటగా మారేలోపు ఒంట్లో ఏదో జరుగుతుంది, దవడ బిగుసుకుంటుంది, చెవులు వేడెక్కుతాయి. రోజూ కూర్చునేవాళ్ళకు అది కాస్త ముందుగా తెలుస్తుంది. దొరికేది ఒకటి రెండు క్షణాలే, కానీ అంతలో వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు. మొన్నటి దానికి మాత్రం అబ్బాయికి సారీ చెప్పండి. ‘నువ్వు అలా చేశావు కాబట్టి’ అని తగిలించకుండా చెప్పండి.

అతి ఆశ పెట్టుకోవద్దు. 1979లో అమెరికాలో, మసాచుసెట్స్ వైద్య కళాశాలలో జాన్ కబాట్‌జిన్ బౌద్ధ ధ్యానంలోంచి మతం సంగతి పక్కనపెట్టి ఎనిమిది వారాల శిక్షణ తయారుచేశాడు. ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో వినబడేదానిలో చాలా భాగం అక్కడి నుంచి వచ్చిందే. ఇలాంటి ధ్యాన శిక్షణల మీద జరిగిన 47 పరీక్షలను 2014లో కలిపి చూసినప్పుడు ఆందోళన, దిగులు, నొప్పి కొంత తగ్గుతున్నట్టు తేలింది. మందుల కన్నా, వ్యాయామం కన్నా మెరుగని మాత్రం తేలలేదు. మీ ఆయన నవ్వులో ఒక పావు వంతు న్యాయం ఉందనుకోండి.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. చైనాలో మొదలై జపాన్ చేరిన జెన్‌కు మూలపురుషుడిగా చెప్పే బోధిధర్ముడు దక్షిణాది నుంచి, అదీ మన పక్కనున్న కంచి నుంచి చైనా వెళ్ళాడని ఒక సంప్రదాయం ఉంది. చరిత్రకారులు ఖాయం చేసిన విషయం కాదు కానీ, ఆవిడకు కబురుగా చెప్పడానికి బాగుంటుంది. మీ పూజ మీరు చేసుకోండి. కూర్చోవడానికి దేవుణ్ణి మార్చుకోనక్కర్లేదు. పక్క గదిలో ఆవిడ సుప్రభాతం పెట్టుకుంటే దాన్నీ వింటూ కూర్చోండి.

కూర్చోని సమయంలో ఏం చేయాలంటారా? వంటే ఉంది కదా. డోగెన్ 1237లో మఠంలో వంట చేసేవాడి కోసమే సూచనలు రాశాడు. బియ్యం కడిగేటప్పుడు ఇసుక పోవాలి, గింజ పోకూడదు, కళ్ళు అక్కడే ఉండాలి అంటాడు. చైనాలో తను చూసిన ఒక ముసలి వంటాయన గురించీ చెబుతాడు. ఎర్రటి ఎండలో పుట్టగొడుగులు ఆరబెడుతుంటే, ‘ఈ పని వేరేవాళ్ళకు చెప్పొచ్చు కదా’ అని డోగెన్ అడిగాడట. ‘వేరేవాళ్ళు నేను కాదు కదా’ అన్నాడట ఆయన. రోజుకు ఒక్క పని, బియ్యం కడగడమో కూరగాయలు తరగడమో, ఫోను లేకుండా, టీవీ లేకుండా చేసి చూడండి.

కానీ ఆ కథ మీలాంటి వాళ్ళ చేతిలో ప్రమాదం. ‘నేను చేయకపోతే ఎవరు చేస్తారు’ అని ఇల్లంతా నెత్తిన వేసుకున్న మనిషికి అదింకో సమర్థింపు అవుతుంది. మఠం వంటాయనకు సహాయకులుంటారు, ఆయన బాధ్యతకు గడువుంటుంది. మీకు ఏదీ లేదు. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది చుట్టాల వాక్యమే. నెలకు రెండు మూడు సార్లు వచ్చినవాళ్ళకు వండి, పక్కలు వేసి, మర్నాడు షాపుకు వెళ్ళేవాళ్ళకు కోపం రావడం జబ్బు కాదు. ఆ భారాన్ని అలాగే మోయడానికి ధ్యానం వాడుకుంటే కొన్నాళ్ళకు ధ్యానం మీదే విసుగొస్తుంది.

ఎంతమంది, నెలకు ఎన్నిసార్లు, ఎవరికి కాదనలేం అన్నది మీరూ ఆయనా కూర్చుని తేల్చుకోవాలి. ఆయన తరఫు వాళ్ళకు ఆయనే ఫోన్లో చెప్పాలి. చెప్పడానికి మార్గం లేకపోలేదు. రైల్వే స్టేషన్ ఎదుట విష్ణునివాసం ఉంది, బస్టాండు ఎదుట శ్రీనివాసం ఉంది, రెండూ దేవస్థానం వసతులే. ‘ఈసారి అక్కడ గది చూసుకోండి, ఒక పూట భోజనానికి మాత్రం ఇంటికి రండి’ అంటే మర్యాద ఎక్కడా పోదు. ఒకరిద్దరు మూతి ముడుస్తారు. ముడవనీయండి.

ఒకసారి డాక్టరుకు చూపించుకుని థైరాయిడ్ పరీక్ష చేయించండి, నెలసరి మార్పుల గురించీ అడగండి. మీ వయసులో చిరాకుకు అవీ కారణం కావచ్చు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది.

శిబిరం ఇప్పుడు వద్దు. పది రోజుల మౌన శిబిరాలు ఎక్కువగా విపశ్యన వాళ్ళవి, ఆ పద్ధతి వేరు. నిద్ర చాలక, టెన్షన్‌తో ఉన్న మనిషి తిన్నగా అందులోకి దిగడం మంచిది కాదు. ఓ ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాక అప్పటికీ వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి.

ఆయనతో ఆ మాట మాత్రం తమిళుల పెరటాసి నెల శనివారాలు, బ్రహ్మోత్సవాలు దగ్గరపడి ఫోన్లు మొదలయ్యేలోపే మాట్లాడండి.