నెలలు నిండని పాప, వైద్య పరిశోధన

ప్రశ్న: మా పాప 29వ వారంలోనే పుట్టి, నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల ఊపిరితిత్తులపై తాము చేస్తున్న పరిశోధనలో పాపను చేర్చుకుంటామని అక్కడి డాక్టరుగారు మా అనుమతి అడిగారు. అంత చిన్న ప్రాణం మీద ప్రయోగాలేమిటని మా అత్తగారు భయపడుతున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఆవిడ భయపడటంలో తప్పు లేదు. అయితే పరీక్షించి చూడకుండా, మేలు చేస్తుందన్న నమ్మకంతో వాడిన చికిత్సలు ఈ పిల్లలకు చేసిన కీడు తక్కువేమీ కాదు. 1940లలో ఇలాంటి పిల్లలకు ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చేవారు; దానివల్ల రెటీనాలో ఇంకా ఎదగని రక్తనాళాలు దెబ్బతిని వేలాదిమంది చూపు కోల్పోయారు. పిల్లలను రెండు జట్లుగా చేసి పోల్చి చూశాకే, 1950లలో, కారణం రూఢిగా తేలింది. తీరా ఆక్సిజన్‌ను మరీ తగ్గించేసరికి మరణాలు పెరిగాయి. మీ పాప పాదానికి చుట్టిన, రక్తంలో ఆక్సిజన్‌ను కొలిచే ఎర్రదీపం పట్టీని నర్సులు అన్నిసార్లు చూసుకోవడం అందుకే.

ఊపిరితిత్తుల సంగతీ అంతే. గాలిగదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఈ పిల్లల్లో చాలదని మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అనే పరిశోధకులు 1959లో చూపారు. దాన్ని బయటినుంచి ఊపిరితిత్తుల్లోకి పంపి ఫలితం సాధించినట్లు జపాన్ వైద్యుడు ఫుజివారా బృందం ప్రకటించింది 1980లో. ఈ రెండింటికీ నడుమ, 1963లో, అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఇదే జబ్బుతో రెండు రోజులైనా నిండకుండా చనిపోయాడు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదిగేందుకు కాన్పుకు ముందు తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఫలితాలు 1972లోనే వెలువడినా, అది విరివిగా వాడుకలోకి రావడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. వైద్యుల తాత్సారానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

అలాగని కళ్లు మూసుకుని సంతకం చేయమనడం లేదు. పరిశోధనలో పాల్గొనేవారి క్షేమాన్ని చూసే నైతిక సంఘం ఆమోదం ఉందా, పాప ఏ జట్టులో చేరేదీ ఎవరు నిర్ణయిస్తారు, మామూలు చికిత్సకు అదనంగా ఏం చేస్తారు అన్నవి అడగండి. ముఖ్యంగా, పరిశోధన కోసం విడిగా ఎంత రక్తం తీస్తారో తెలుసుకోండి. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు వంద మిల్లీలీటర్లే కనుక, పెద్దలకు లెక్కలోకి రాని నాలుగైదు మిల్లీలీటర్లు కూడా ఆ బిడ్డకు ఎక్కువే. మొహమాటపడకండి, పత్రాన్ని తీరిగ్గా చదివేందుకు సమయం కోరండి. మీరు ఒప్పుకోకపోయినా, మధ్యలో వద్దనుకున్నా, పాపకు అందవలసిన వైద్యం తగ్గకూడదు. ఆ మాట పత్రంలో రాసి ఉందో లేదో చూశాకే సంతకం చేయండి.